స్కాన్‌కు ముందు లీటరు నీళ్లు

"అమ్మకు చెప్పొద్దు మే! చెప్పినావంటే నా మీద ఒట్టే!" అన్నాడు మతీన్.

నెల్లూరు నుంచి వచ్చి బస్సు దిగి పది నిమిషాలు కాలేదు. బుచ్చిరెడ్డిపాలెంలో ముంబై రోడ్డు పక్కన వాళ్ల పరుపుల అంగడి. అంగడి వెనకే ఇల్లు. మతీన్ ఇంట్లోకి పోకుండా దూది బస్తాల చాటున నిలబడి, బస్తాకు ముఖం ఆనించి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు లోపలున్న తల్లికి వినపడకూడదని దూది ఏకే మిషన్ వేశాడు. మిషన్‌లో దూది పెట్టలేదు. అది ఒట్టిగా తిరుగుతోంది. అతని భార్య ఫరీన్ వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నీళ్లు రాలేదు. మూడు వారాలుగా వంటింట్లో, స్నానాల గదిలో, ఆస్పత్రి మెట్ల మీద ఏడ్చి ఏడ్చి, ఇక ఏడవడానికి కూడా ఆమెకు ఓపిక లేకుండా పోయింది...

"ఏందిరా, ఒట్టి మిషను తిప్పతా ఉండావు? బెల్టు తెగుతాది!" లోపలి నుంచి జమాల్‌బీ గొంతు వినిపించింది.

మతీన్ మిషన్ ఆపేశాడు. చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

జమాల్‌బీ మతీన్‌కు తల్లి. ఫరీన్‌కు అత్త మాత్రమే కాదు, మేనత్త కూడా. ఫరీన్‌కు తొమ్మిదేళ్లప్పుడు జువ్వలదిన్నెలో తల్లి చనిపోయింది. నలభయ్యో రోజు ఫాతిహా అయిపోగానే జమాల్‌బీ ఆ పిల్లను చెయ్యి పట్టుకుని బస్సెక్కించి తెచ్చుకుంది. జడ వేసింది. బడికి పంపింది, డిగ్రీ దాకా చదివించింది. చివరికి కొడుక్కు చేసుకుంది. ఫరీన్ ఆమెను అత్తా అని పిలిచినా, నిద్రలో ఉలిక్కిపడి లేచినప్పుడు మాత్రం అమ్మా అనే అనేది.

ఆ మనిషికి జనవరి నుంచి తిండి సహించడం లేదు. రెండు ముద్దలకే కడుపు నిండిపోయిందనేది. ఫిబ్రవరి చివర నెల్లూరులో గొంతులోంచి కెమెరా గొట్టం వేసి చూశారు. కడుపు కింది భాగంలో పుండు ఉందన్నారు. అందులోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని వచ్చింది. మతీన్ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని ఇంటికొచ్చి, "పుండంట మా, మందులతో పోతుందంట" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అదే మాట. మతీన్‌కు తెలుసు, అతని తండ్రి మౌలాకు తెలుసు, ఫరీన్‌కు తెలుసు. జబ్బు ఎవరిదో ఆ మనిషికి ఒక్కదానికే తెలియదు.

ఆపరేషన్ చేయవచ్చో లేదో చూడటానికి పోయిన శుక్రవారం స్కాన్ తీశారు. ఈ సోమవారం ఆ ఫలితం చెబుతామన్నారు. "నువ్వెందుకులే మా, కాగితాలు తెచ్చుకునేదే కదా" అని తల్లిని ఇంట్లోనే ఉంచి మతీన్, ఫరీన్ పోయారు.

డాక్టర్ గిరిబాబు తెర మీద బొమ్మ చూపించాడు.

"కోసి చూడకముందే జబ్బు ఎంత దూరం పోయిందో, కోస్తే మనిషికి మేలు జరుగుతుందో లేదో అంచనా వేసుకోవడానికే ఈ స్కాన్. కెమెరాలో పుండు కింది భాగంలోనే కనిపించింది. ఇందులో చూస్తే కడుపు గోడ మొత్తం మందంగా ఉంది." ఆయన కుర్చీ వాళ్ల వైపు తిప్పాడు. "ఒక్క మాట చెప్పండి. స్కాన్‌కు ముందు ఇచ్చిన నీళ్లు ఆమె పూర్తిగా తాగిందా?"

"తాగింది సార్," అంది ఫరీన్. "లీటరు బాటిలు. ఖాళీ బాటిలు నేనే చెత్తబుట్టలో ఏసినా."

డాక్టర్ మళ్లీ తెర వైపు చూశాడు.

"తాగలేదంటే నేను సంతోషించేవాణ్ని. నీళ్లు లేకపోతే కడుపు ముడుచుకుని గోడ మందంగా కనిపిస్తుంది. ఆ మందాన్ని నమ్మక్కర్లేదు. లీటరు నీళ్లు పోసినా ఇలాగే ఉందంటే గోడ సాగడం లేదనుకోవాలి. తోలుసంచిలా బిగుసుకుపోయిందనుకోవాలి. అలాంటి కడుపుకు ఆపరేషన్ చేసినా పెద్దగా ప్రయోజనం ఉండదమ్మా..."

గురువారం డాక్టర్లందరూ కూర్చుని ఈ కేసు మాట్లాడతారట. ఆపరేషన్ మీద తాను ఆశ పెట్టలేనన్నాడు. మందులు ఎక్కించి చూడవచ్చు. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటున్నారో ఆలోగా చెప్పాలి.

ఇప్పుడు దూది బస్తాల వెనక మతీన్ గొంతు తగ్గించి తన నిర్ణయం చెప్పాడు.

"ఆపరేషనే లేనప్పుడు ఆ మందులెందుకు? జుట్టు ఊడిపోతాది. ఊడితే ఆమెకు తెలిసిపోదా? ఇంక ఆస్పత్రి ఒద్దు. ఈ రంజాన్ పండగన్నా నవ్వుకుంటా చేసుకోనీ..."

"అడగకుండా ఎట్టా బావా?"

"ఎవుర్ని?"

"అత్తని."

"ఏమని అడుగుతావు? చచ్చిపోతావా అత్తా అని అడుగుతావా!"

ఫరీన్ వాకిట్లో మంచం మీద కూర్చున్న మౌలా వైపు చూసింది. మౌలాకు మాటకు మాటకు మధ్య ఆయాసం. ముప్పై ఆరేళ్ల వయసులోనే దూది దుమ్ముకు అతని ఊపిరితిత్తులు పాడైపోయాయి. అప్పటి నుంచి నారి మీటి దూది ఏకే పెద్ద విల్లు పట్టింది జమాల్‌బీ. మిషన్ కొనేదాకా ఇరవై రెండేళ్లు ఆ అంగడి ఆమె చేతుల మీదే నడిచింది. మౌలా మందు గొట్టం నోట్లో పెట్టుకుని ఒకసారి పీల్చి, "వాడు చెప్పినట్టే కానీమ్మా... నాకేం తెలుసు..." అన్నాడు.

మరునాడు మంగళవారం. మతీన్ ఆటోలో ఏకే మిషన్ వేసుకుని పాత పరుపులు బాగుచేయడానికి జువ్వలదిన్నె వైపు పోయాడు. మధ్యాహ్నం ఆదిశేషమ్మ వచ్చింది. ఆమెది రెండు వీధుల అవతల ఇల్లు. కోతల హడావుడిలో కూడా తన పరుపు సంగతి మరిచిపోయే మనిషి కాదు.

"మా వరి కోసినారు, తోలినారు, అమ్మినారు కూడా. నా పరుపు మాత్రం ఇంకా కుడతానే ఉండారు!" అంటూ గడపలోనే కూర్చుంది.

"నువ్వు పడుకునే పరుపుకు మామూలు కుట్లు చాలవు వదినా. రెండు వరసలు ఎక్కువ ఎయ్యాల," అంది జమాల్‌బీ.

"నీ నోరుకేం రోగం రాలేదులే!" ఆదిశేషమ్మ నవ్వింది. తర్వాత జమాల్‌బీ మెడ వైపు, మోచేతుల వైపు చూసి నవ్వు ఆపింది. "బాగా చిక్కిపోయినావే. ఈ తూరి ఉపవాసాలు కూడా లేవంట కదా?"

"మా వాడు చెయ్యనీలా. నెలవంక కనపడిన్నాడే మాట తీసుకున్నాడు."

"అయితే నా మాదిరి చెయ్యాల్సింది. మొన్న షుగరు పరీచ్చకు ఏం తినకుండా రమ్మన్నారా? ఆ రోజు శనివారం. ఎట్టాగూ పస్తే కదా అని, ఆ పస్తును ఎంకన్నసామికి కట్టేసినా! సాయంత్రం దాకా ఏం ముట్టలా."

"నువ్వూనా!" జమాల్‌బీ పకపకా నవ్వింది.

నవ్వి, చప్పున ఆపి, ఫరీన్ వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

ఫరీన్ పరుపు అవతలి అంచున కుట్లు వేస్తోంది. దబ్బనం పరుపులోకి సగం దిగి అక్కడే ఆగిపోయింది.

శుక్రవారం అంతా ఆమె కళ్ల ముందు వరసగా కదిలింది. ఉదయం ఆరు తర్వాత ఏమీ తినొద్దని ఆస్పత్రివాళ్లు చెప్పారు. తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహరీకి లేచినప్పుడు అత్త కూడా వాళ్లతో పాటే కూర్చుని రెండు ముద్దలు తిన్నది. స్కాన్ సాయంత్రం నాలుగింటికి. మూడున్నరకు పుష్పకుమారి అనే నర్సు లీటరు బాటిలు తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. "పదిహేను నిమిషాల్లో తాగించండి" అని ఫరీన్‌కు చెప్పింది. మతీన్ బిల్లు కట్టే దగ్గర ఉన్నాడు. అంతలో ఆధార్ జిరాక్స్ ఇవ్వమని కౌంటర్ నుంచి పిలిచారు. ఫరీన్ పోయి, వరసలో నిలబడి, తిరిగి వచ్చింది. బాటిలు ఖాళీగా ఉంది. అత్త ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చ సీసాకు మూత బిగించి సంచిలో పెట్టుకుంటోంది. పుష్పకుమారి తలుపు తెరిచి, "అంతా తాగిందా?" అని ఫరీన్‌ను అడిగింది. తాగిందని ఫరీన్ చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు పెన్న వంతెన దాటాక వడ్ల ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు కోవూరు దగ్గర ఆగిపోయింది. పొద్దు గుంకి మగ్రిబ్ నమాజు వేళ అయింది. మతీన్, ఫరీన్ ఖర్జూరం నోట్లో వేసుకుని ఆ రోజు ఉపవాసం, రోజా విడిచారు. అత్త కూడా పచ్చ సీసా తీసింది. తాగే ముందు కళ్లు మూసుకుని పెదవులు కదిలించింది. ఖర్జూరం కావాలని చెయ్యి చాపింది. ముసలామెకు దాహం వేసిందని ఫరీన్ అనుకుంది. రోజా లేని మనిషి రోజా విడిచే దువా ఎందుకు చదువుతుందని ఆమెకు అప్పుడు తోచలేదు...

ఆదిశేషమ్మ లేచి వెళ్లింది. ఆమె చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగాక ఫరీన్ పరుపు చుట్టూ వచ్చి అత్త ఎదురుగా కూర్చుంది.

"అత్తా, శుక్రవారం నువ్వు రోజా ఉన్నావా?"

జమాల్‌బీ దారం కొస తడిపి సూదిలోకి ఎక్కిస్తోంది. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది.

"ఉన్నా. తప్పా? తిండి మానుకోనని కదా వాడికి మాటిచ్చినా. ఆ రోజు తినొద్దన్నది డాక్టర్లు. నేనుగా మానుకోలా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎట్టాగూ పస్తే. ఆ పస్తు ఊరికే పోతాదే అనిపించింది. అల్లా పేరు మీద ఉంటే ఈ ఏడు ఒక్క రోజా అన్నా దక్కుతాది కదా అని మనసులో అనుకున్నా. అంతే!"

"మరి నీళ్లు?"

"నా సీసాలో పోసుకున్నా. పారబోస్తే పాపం కదా. బస్సులో రోజా ఇడిచింది ఆ నీళ్లతోనే."

"నీళ్లు తాగిందా అని నర్సు అడిగింది కదత్తా!"

"నిన్నడిగింది. నువ్వు చెప్పినావు." జమాల్‌బీ సూది పక్కన పెట్టింది. "నన్నెవురడిగినారు?"

ఫరీన్ రెండు చేతులతో తల పట్టుకుంది. ఆ కడుపులో నీళ్లు లేవు! గోడ సాగలేదన్నది నీళ్లు పోసి చూసిన మాట కాదు! ఆ సంతోషం ఒక్క క్షణమే. నిన్న డాక్టర్ అడిగినప్పుడు తాగింది సార్ అని చెప్పిన నోరు తనదే. అనుమానంగా ఉన్న మాటను తీర్పుగా మార్చింది తనే. ఈ గురువారం తాము ఆస్పత్రికి పోకుండా ఊరుకుంటే, ఆ తాగింది అనే మాట మీద ఈ మనిషి ప్రాణం పోయేది... తనను చెయ్యి పట్టుకుని బస్సెక్కించిన మనిషి! మూడు వారాల నుంచి మనసులో పెట్టుకున్నది ఇక నిలవలేదు. మతీన్ వేసిన ఒట్టు గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినా ఆగలేదు. అత్త పాదాలు పట్టుకుంది.

"అత్తా... అది పుండు కాదత్తా... క్యాన్సరు! నీకు చెప్పొద్దన్నారు. నేను కూడా దాచినా... ఆ నీళ్లు తాగలేదని కడుపు ముడుచుకుని కనపడింది. నేనేమో తాగిందని చెప్పినా. అందుకని ఆపరేషను పనికిరాదన్నారు. నిన్ను ఇంట్లోనే పెట్టుకోవాలని అనుకుంటా ఉండారు. నన్ను కొట్టత్తా... ఏమన్నా అనత్తా!"

జమాల్‌బీ తల తిప్పి బయటికి చూసింది. రోడ్డు మీద వడ్ల లారీ పోయింది. అది పోయిన తర్వాత కూడా ఆమె అటే చూస్తూ కూర్చుంది.

"అనుకున్నా," అంది చివరికి. "పరుపు మీద చెయ్యి పెడితే యాడ ఉండ కట్టిందో చెప్పేదాన్ని. నా కడుపు మీద నేను చెయ్యి పెట్టుకుంటే తెలవదా? అడిగితే వాడు ఏడుస్తాడని అడగలా. మీరు చెప్పలా, నేను అడగలా..."

"తెలిస్తే మరి నీళ్లెందుకు తాగలేదత్తా?"

"అనుమానం ఏరు, తెలియడం ఏరు మే! మీరేమో పుండన్నారు. పుండుకు ఒక పూట నీళ్లు తాగకుంటే ఏమైతాదిలే అనుకున్నా. జబ్బుపడినోళ్లు రోజా ఇడవొచ్చని మన దీన్‌లోనే, మన మతంలోనే ఉండాది. జబ్బని నాకు చెప్పాల కదా! చెప్పుంటే లీటరు కాదు, బిందెడు తాగుండేదాన్ని!"

ఆమె ఫరీన్ తల ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరూ ఆదిశేషమ్మ పరుపు మీదే కూర్చుని ఏడ్చారు. అటువైపు మంచం మీద మౌలా లేచి కూర్చున్నాడు. అతనికి అంతా వినపడింది. 

చీకటి పడే వేళకు మతీన్ ఆటో వచ్చి ఆగింది. గడపలో నిలబడి తల్లి ముఖం, భార్య ముఖం చూశాడు. అతనికి అర్థమైంది.

"చెప్పేసినావా! ఒట్టేసి చెప్పినా కదే నీకు! నా తల్లిని నువ్వే చంపేసినావే..."

"నోరు ముయ్‌రా!" అంది జమాల్‌బీ. మతీన్ ఆ గొంతు విని చాలా ఏళ్లయింది. "దాన్ని ఇంకొక మాట అన్నావంటే ఊరుకోను. నా మీద ప్రేమ లేదని అన్లేదు నిన్ను. ఉండాది, నాకు తెలుసు. కానీ నేను బతకాల్నా ఒద్దా అని డాక్టర్నడిగినావు, మీ నాయన్నడిగినావు, నీ పెండ్లాన్నడిగినావు. నన్ను మాత్రం అడగలా!"

మతీన్ గడపలోనే కూలబడ్డాడు. "ఎట్టా అడగాలమ్మా... నోరెట్టా వస్తాదమ్మా..." అంటూ తల గోడకు కొట్టుకున్నాడు. జమాల్‌బీ లేచి పోయి ఆ తలకూ గోడకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి ఫరీన్ ఆస్పత్రికి ఫోన్ చేసింది. డాక్టర్ గిరిబాబు చివరి దాకా విన్నాడు. ఆమె తన తప్పు చెప్పుకోబోతే ఆపాడు. "ఏమీ పెట్టకుండా తీసుకురండి. ఇవాళే మళ్లీ తీద్దాం," అన్నాడు.

స్కాన్ గది ముందు అదే బల్ల. పుష్పకుమారి అదే కొలత బాటిలు తెచ్చి ఇచ్చింది. ఈసారి ఫరీన్ కదల్లేదు. కౌంటర్ దగ్గరికి మతీన్ పోయాడు. జమాల్‌బీ గోడ గడియారం చూసింది. పదకొండు దాటింది. రంజాన్ నెలలో ఆ వేళకు ఆమె నోట్లో నీళ్లు పోసుకుని ఎన్నో ఏళ్లయింది. బిస్మిల్లా అని మొదలుపెట్టింది. పావు బాటిలుకు వికారం వచ్చి ఆగింది. ఫరీన్ వీపు రాసింది. సగానికి మళ్లీ ఆగింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. కొంగుతో తుడుచుకుంటూనే తాగింది. చివరి గుటక మింగి బాటిలు తలకిందులుగా పట్టుకుని ఫరీన్‌కు చూపించింది.

"చూసుకో. ఈ తూరి సీసా కూడా తేలా."

గురువారం డాక్టర్ గదిలో జమాల్‌బీ కుర్చీలో కూర్చుంది. మిగతా ముగ్గురూ ఆమె వెనక నిలబడ్డారు. డాక్టర్ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు.

"ఇది శుక్రవారం కడుపు. ఇది నిన్నటిది. చూశారా? పై భాగం, మధ్య భాగం సాగాయి. గోడ పల్చగా, మామూలుగానే ఉంది. జబ్బు ఈ కింది భాగంలోనే ఉంది. పక్కన మూడు గ్రంథులు మాత్రం వాచాయి. ఆపరేషన్‌కు పనికొస్తుందని అందరం అనుకున్నాం. ముందు రెండు నెలలు మందులు ఎక్కిస్తాం. మళ్లీ స్కాన్ చూసి, అప్పుడు ఆపరేషన్."

మతీన్ నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది. 

"అమ్మా, మీకు ఉన్నదున్నట్టు చెబుతాను," అన్నాడు డాక్టర్. "ఇది పెద్ద జబ్బే. స్కాన్ ఒక అంచనా ఇస్తుంది, మాట ఇవ్వదు. కోసి చూశాక సంగతి మారొచ్చు. నయమయ్యాక తిరిగి రావచ్చు కూడా."

"చెప్పండి సారూ. చెబితే ఇంటా," అంది జమాల్‌బీ.

"ఇంకొకటుంది." ఆయన బొమ్మను కిందికి జరిపి వెన్నెముకకు అటూ ఇటూ ఉన్న రెండు గుండ్రటి మచ్చల మీద వేలు పెట్టాడు. "ఇది కండ. ఆపరేషన్‌ను మనిషి ఎంత తట్టుకుంటారో, ఎంత తొందరగా లేస్తారో చెప్పేవాటిలో ఇదొకటి. రెండు నెలలుగా తిండి లేదంటున్నారు. అయినా మీ వయసు ఆడవాళ్లలో నేను ఇంత కండ చూడలేదు. ఏం పని చేసేవాళ్లమ్మా మీరు?"

"ఏముండాది సారూ. ఇంట్లో పనే. దూది ఏకేదాన్ని."

"అది నా పని సార్!"

అందరూ మౌలా వైపు తిరిగారు. అతను గోడకు ఆనుకుని ఊపిరి కూడదీసుకుంటున్నాడు.

"నా పని సార్ అది... నా ఊపిరి పోతే... ఈమె విల్లు పట్టింది. ఇరవై రెండేళ్లు! పొద్దున ఇంటిపని, మధ్యాహ్నం విల్లు, సాయంత్రం కుట్లు... భుజాలు వాచి రాత్రిళ్లు పక్కకు తిరగలేకపోయేది. నేను చూసి, చూడనట్టే పడుకునేవాణ్ని. ఎట్టా ఉండావు అని ఒక్కనాడు అడగలా సార్... ఆ బొమ్మలో కనపడతా ఉండాదా అది... నాకే కనపడలా..."

దగ్గు తెర అతని మాటను మింగేసింది. డాక్టర్ తెర వైపు తిరిగి కూర్చున్నాడు. ఫరీన్ మామ చేతిలో మందు గొట్టం పెట్టింది. జమాల్‌బీ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి భర్త చొక్కా అంచు పట్టుకుంది.

"ఊరుకో. డాక్టరు ముందర ఏందిది... దగ్గు ఎక్కువైతాది."

దగ్గు తగ్గాక డాక్టర్ అడిగాడు. "మందులు మొదలు పెడదామా?"

అలవాటు కొద్దీ మౌలా, ఫరీన్ మతీన్ వైపు చూశారు. మతీన్ తల్లి వైపు చూశాడు.

"జుట్టు పోతాదా సారూ?" అంది జమాల్‌బీ.

"పోతుందమ్మా."

"పోనీ. ఎట్టాగూ కొంగు కప్పుకునేదే కదా. పెట్టండి."

పండగ వెళ్లింది. నాలుగు విడతల మందులు ఎక్కించారు. జుట్టు పోయింది. నోరు పూసింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. రెండో విడత తర్వాత మూడు రోజులు ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు మతీన్ మంచం పక్కన కూర్చుని, "ఆపేద్దామా మా?" అని అడిగాడు. అడగడం అప్పటికి నేర్చుకున్నాడు. ఆమె చాలాసేపటికి "ఒద్దులే" అంది. ఆదిశేషమ్మ పరుపు రెండు వరసల కుట్లు ఎక్కువతో పూర్తయింది. జూన్‌లో తీసిన స్కాన్‌లో గడ్డ తగ్గినట్టు కనిపించింది. గ్రంథుల్లో ఒకటి తగ్గలేదు. డాక్టర్ రెండు మాటలూ ఆమెకే చెప్పాడు.

జూలై రెండో వారంలో ఆపరేషన్. ఉదయం ఆరున్నరకు నర్సు కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. పేషెంటు పేరు చదివింది. తల ఎత్తి ఫరీన్‌ను అడిగింది.

"రాత్రి నుంచి ఏమైనా తిన్నదా? నీళ్లు తాగిందా?"

తాగలేదు అనే మాట ఫరీన్ నాలుక చివరిదాకా వచ్చింది. రాత్రంతా ఆమె పక్కనే ఉంది. కళ్లతో చూసింది కూడా.

"ఆమెనే అడగండి సిస్టర్," అంది.

నర్సు మంచం వైపు తిరిగి మళ్లీ అడిగింది.

"తొమ్మిదికి రెండు గుటకలు. ఆ తర్వాత ఏం లేదు," అంది జమాల్‌బీ. ఫరీన్ వైపు చూసింది. "రోజా కూడా కాదు. ఒట్టి పస్తే."

చక్రాల మంచం కదిలింది. ఆపరేషన్ గది తలుపు దాకా ముగ్గురూ పక్కన నడిచారు. మౌలా రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ అందుకున్నాడు. తలుపు దగ్గర జమాల్‌బీ చెయ్యి ఎత్తింది. మంచం తోసే మనిషి ఆగాడు.

"మతీనూ."

"అమ్మా."

"ఏడవాలంటే ఏడువ్. మిషను మాత్రం ఒట్టిగా తిప్పబాకు."

తలుపు మూసుకుంది. బయట బల్ల మీద మతీన్ మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, ముఖం దాచుకోకుండా, పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తుండగానే ఏడ్చాడు. ఫరీన్ అతని పక్కన కూర్చుంది. గోడ గడియారంలో ఏడు కావస్తోంది. ఐదు గంటలు పడుతుందని చెప్పారు.